డీఎన్‌ఏ మెలిక విప్పకుండానే చదివే ప్రోటీన్లు

గుంటూరులో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పిల్లలకు నేను వృక్షశాస్త్రం చెబుతున్నాను. పేగు బాక్టీరియాలో పాలచక్కెరను అరిగించే జన్యువుల జట్టైన లాక్ ఓపెరాన్ పాఠం వచ్చిన ప్రతిసారీ బోర్డు మీద పొడుగాటి గీత గీసి, దాని మధ్యలో ఆపరేటర్ అని ఒక గడి కట్టి, ఆ గడి మీద ఆ జన్యువులను ఆపే రెప్రెసర్ ప్రోటీన్‌ను టోపీలా కూర్చోబెట్టి, ‘తాళంలో తాళంచెవి ఇమిడినట్టు’ అని ఒక్క మాటతో ముందుకు వెళ్లిపోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. కిందటేడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. “మేడం, అక్షరాలన్నీ నిచ్చెన మెట్లలాగా లోపలే ఉంటాయనీ, ఎ వెళ్లి టితోనూ జి వెళ్లి సితోనూ జతకట్టేసి ఉంటాయనీ నిన్న మీరే చెప్పారు కదండీ. మరి మెలిక విప్పకుండా ఆ ప్రోటీన్ బయట నుంచి వాటిని ఎలా చదువుతుంది?” అంది. ఆ రోజు గంట కొట్టడం నా అదృష్టం. ఆ పిల్ల అడిగినది సరైన ప్రశ్న, నేను చెబుతూ వచ్చిన తాళంచెవి ఉపమానంలో దానికి జవాబు లేదు.

ప్రశ్న ఎంత లోతైనదో తెలియాలంటే ముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. మన కాలేయ కణంలోనూ కంటి కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే, తేడా అంతా ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ మూగగా ఉంది అన్నదానిలోనే ఉంది. ఆ నిర్ణయాన్ని అమలుచేసేవి ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లు, పాఠ్యపుస్తకాల భాషలో చెప్పాలంటే అనులేఖన కారకాలు. ఇవి జన్యువు దగ్గరలోని ఒక చిన్న అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ కూర్చుంటాయి, కూర్చుని ఆర్‌ఎన్‌ఏ తయారీని పిలుస్తాయి లేదా అడ్డుకుంటాయి. మనిషిలో ఇటువంటివి సుమారు 1,600 ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజ్ ఎంజైము మెలికను విప్పి లోపలి అక్షరాలను చూస్తుంది కాబట్టి దాని పని మనకు సులభంగానే అర్థమవుతుంది, కానీ ఈ కారకాలలో అత్యధిక భాగం రెండు పోగుల మెలికను ఉన్నదున్నట్టుగా ఉంచి, పైనుంచి తడిమి పోల్చుకుంటాయి.

తడమడం అనగానే గుంటూరు వాళ్లకు మిర్చి యార్డు గుర్తుకు రావాలి. అనుభవమున్న కొనుగోలుదారు టిక్కీలో చెయ్యి పెట్టి పిడికెడు కాయలు తీసి, తొడిమనూ ముడతలనూ రంగునూ చూసి, వేళ్ల మధ్య వంచి, గింజల గలగల విని, ఇది తేజ, ఇది సన్నం, దీనిలో తేమ ఎక్కువుంది అని కాయను పగలగొట్టకుండానే చెప్పేస్తాడు. లోపలి సరుకు గురించిన సమాచారం పైకి కనిపించే అంచుల్లో కొంత మిగిలి ఉంటుందన్నదే ఈ విద్యకు ఆధారం. డీఎన్‌ఏలో కూడా సరిగ్గా అదే జరిగింది, అది ఎలాగో చూడాలంటే మెట్టును పక్క నుంచి కాక నిలువుగా పైనుంచి చూడాలి.

ఒక్క మెట్టును, అంటే ఎ, టి, జి, సి అక్షరాలుగా మనం రాసే క్షారాల ఒక్క జతను, గోడ గడియారం ముఖంలా ఊహించుకోండి. ఆ జతకు రెండు వైపులా అతుక్కుని ఉండే చక్కెర అణువులు 9 దగ్గరా 3 దగ్గరా ఎదురెదురుగా ఉండి ఉంటే మెలిక చుట్టూ ఏర్పడే రెండు గాళ్లూ సమానంగా ఉండేవి. నిజానికి అవి దాదాపు 8 దగ్గరా 4 దగ్గరా అతుక్కుంటాయి, కాబట్టి 12 మీదుగా వెళ్లే పైవంపు పెద్దది, 6 మీదుగా వెళ్లే కిందివంపు చిన్నది. మెట్టు మీద మెట్టు కొద్దికొద్దిగా తిరుగుతూ పదిన్నర మెట్లకు ఒక చుట్టు పూర్తయ్యేసరికి పైవంపు పెద్ద గాడిగానూ కిందివంపు చిన్న గాడిగానూ మెలిక పొడవునా సాగిపోతాయి. చక్కెరలను కలుపుతూ పోగుకు వెన్నెముకలా సాగే ఫాస్ఫేట్ల మందాన్ని మినహాయిస్తే పెద్ద గాడిలో మిగిలే ఖాళీ సుమారు 1.2 నానోమీటర్లు, చిన్న గాడిలో దానిలో సగం. ప్రోటీన్లలో అతి సాధారణంగా కనిపించే ఆల్ఫా హెలిక్స్ అనే చుట్ట, పక్కగొలుసులతో కలిపి చూస్తే, ఇంచుమించు ఆ 1.2 నానోమీటర్ల మందమే ఉంటుంది. పెద్ద గాడిలో అది పడుకున్నట్టుగా సరిపోతుంది.

గాడిలోకి దిగిన ఆ చుట్టకు ఏమి తగులుతుంది? క్షారాల మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు ఒకదానితో ఒకటి చేతులు కలిపి లోపలే ఉండిపోయాయి నిజమే, కానీ ఎ గానీ జి గానీ తన చేతులన్నీ అక్కడే ఖర్చు పెట్టుకోలేదు. ప్రతి క్షారానికీ గాడి వైపు తిరిగిన ఒక అంచు ఉంది, ఆ అంచు మీద ఇంకా ఖాళీగా ఉన్న పరమాణువులు ఉన్నాయి. వాటిలో కొన్ని హైడ్రోజన్‌ను ఇచ్చేవి, కొన్ని పుచ్చుకునేవి, ఇంకొన్ని ఈ ఇచ్చిపుచ్చుకోవడంతో పనిలేనివి. పెద్ద గాడిలో నిలబడి ఎ-టి జతను ఎ వైపు నుంచి చూస్తే వరుసగా పుచ్చుకునేది, ఇచ్చేది, పుచ్చుకునేది కనిపించి, చివర టి తాలూకు మిథైల్ గుంపు చిన్న బుడిపెలా తగులుతుంది. జి-సి జతలో జి వైపు నుంచి పుచ్చుకునేది, మళ్లీ పుచ్చుకునేది, ఇచ్చేది వచ్చి, చివర సి మీద ఉత్త హైడ్రోజన్ ఉంటుంది. టి-ఎ, సి-జి జతల్లో ఇవే వరుసలు తలకిందులవుతాయి. అంటే పెద్ద గాడిలో నాలుగు రకాల జతలకు నాలుగు వేర్వేరు గుర్తులున్నాయి.

చిన్న గాడిలో పరిస్థితి వేరు. అక్కడ ఎ-టి జత చూపించేది పుచ్చుకునేది, ఉత్త హైడ్రోజన్, పుచ్చుకునేది. దాన్ని అటు నుంచి చదివినా అదే. ఛందస్సు చదువుకున్నవారికి ఇది ఒక్క ముక్కలో తెలుస్తుంది: గురువు, లఘువు, గురువుగా ఉండే రగణాన్ని ఏ చివర నుంచి చదివినా రగణమే, గురువు, లఘువు, లఘువుగా ఉండే భగణాన్ని వెనక నుంచి చదివితే మాత్రం సగణం అయిపోతుంది. చిన్న గాడిలోని జతలన్నీ రగణాలు, కాబట్టి అక్కడ తడిమే ప్రోటీన్ ఎ-టి జత ఏదో జి-సి జత ఏదో పోల్చుకోగలదు గానీ, ఎ ఏ పోగు మీద ఉంది, టి ఏ పోగు మీద ఉంది అన్నది చెప్పలేదు. పెద్ద గాడిలోని జతలు భగణాల వంటివి, దిక్కు తెలుస్తుంది. ఈ లెక్కను 1976లో నాడ్రియన్ సీమన్, జాన్ రోజెన్‌బర్గ్, అలెగ్జాండర్ రిచ్ కాగితం మీద వేసి చూపించారు. డీఎన్‌ఏ మీద కూర్చున్న కారకం స్ఫటిక నిర్మాణం ఒక్కటి కూడా అప్పటికి ఎవరూ చూడలేదు. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం తన చివరనున్న రెండు ఇచ్చే చేతులతో జి మీదున్న రెండు పుచ్చుకునే స్థానాలను పట్టుకుంటుందనీ, ఒక ఇచ్చే చెయ్యీ ఒక పుచ్చుకునే చెయ్యీ ఉన్న ఆస్పరజీన్, గ్లుటమిన్‌లు ఎ అక్షరానికి సరిపోతాయనీ వారు ఊహించారు. తరువాత బయటపడిన నిర్మాణాల్లో ఈ రెండు పట్లూ మళ్లీ మళ్లీ కనిపించాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది, నేనూ పొరబడ్డాను. హైడ్రోజన్ బంధాలు ఏర్పడటం వల్ల ప్రోటీన్ గట్టిగా అతుక్కుంటుంది, కాబట్టి సరైన చోట ఎక్కువ బంధాలు, ఎక్కువ బలం అని అనుకుంటాం. కణంలో అన్నీ నీటిలో మునిగి ఉన్నాయన్నది మరచిపోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ప్రోటీన్ రాకముందు క్షారాల అంచులన్నీ నీటి అణువులతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాయి, ప్రోటీన్ చేతులు కూడా అంతే. ప్రోటీన్ గాడిలోకి దిగడమంటే ఆ నీటిని పక్కకు తోసేయడం. సరైన వరుస ఎదురైతే పోయిన నీటి బంధానికి బదులు కొత్త బంధం దొరికి లెక్క సరిపోతుంది, తప్పు వరుస ఎదురైతే ఇచ్చే చేతికి ఇచ్చే చెయ్యే ఎదురుపడి, నీరూ పోయి, బదులూ దొరకక, నికరంగా నష్టం మిగులుతుంది. సరైన చోటుకు దక్కే బహుమానం కంటే తప్పు చోటికి పడే జరిమానాయే గుర్తింపులో ఎక్కువ పనిచేస్తుంది. ఆ జరిమానా పెద్దది కానక్కరలేదు. గది ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కు 1.4 కిలోకేలరీల తేడా వస్తే చాలు, అతుక్కునే బలం పది రెట్లు మారుతుంది.

1981, 1982 సంవత్సరాల్లో మూడు బాక్టీరియా, వైరస్ ప్రోటీన్ల నిర్మాణాలు వెంటవెంటనే బయటికొచ్చాయి: క్రో, క్యాప్, లాంబ్డా రెప్రెసర్. మూడింటిలోనూ ఒకే అమరిక ఉంది. రెండు చిన్న ఆల్ఫా హెలిక్సులు, మధ్యలో ఒక మలుపు, వాటిలో రెండోది గాడిలోకి దిగే చెయ్యి. ఇంతటి పోలిక చూశాక, ఏ అమైనో ఆమ్లం ఉంటే ఏ అక్షరం అని ఒక పట్టిక తయారు చేసేయవచ్చన్న ఆశ సహజంగానే పుట్టింది. జన్యు సంకేతానికి పట్టిక దొరికింది కదా, దీనికి మాత్రం ఎందుకు దొరకదు? 1988 నాటికి బ్రయాన్ మాథ్యూస్ అటువంటి కోడ్ లేదని సూటిగా రాశారు. కారణం జ్యామితిలో ఉంది. ఒక కుటుంబంలో హెలిక్స్ గాడి వెంట పడుకుంటుంది, ఇంకో కుటుంబంలో ముక్కు మాత్రమే గాడిలో పెడుతుంది, మరోదానిలో కొంత వాలుగా దిగుతుంది, అందువల్ల హెలిక్స్ మీద అదే స్థానంలో ఉన్న అదే ఆర్జినైన్ ఒక ప్రోటీన్‌లో జి అక్షరాన్ని అందుకుంటే, మరోదానిలో క్షారాలను వదిలేసి ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. అసలు హెలిక్సే వాడని కుటుంబాలూ ఉన్నాయి. మొక్కల్లో విరివిగా ఉండే వర్కీ కారకాలు ప్రోటీన్ గొలుసు పక్కపక్కనే పేర్చుకుని ఏర్పడే బీటా పలక అంచును గాడిలోకి దూర్చి టి-టి-జి-ఎ-సి అనే వరుసను పట్టుకుంటాయి.

పట్టికకు కాస్త దగ్గరగా వచ్చినవి జింక్ వేళ్లు. కప్ప జాతికి చెందిన జెనోపస్ గుడ్డు కణాల్లోని ఒక కారకంలో సుమారు ముప్పై అమైనో ఆమ్లాల తునక ఒకటి మళ్లీ మళ్లీ వస్తోందనీ, ప్రతి తునకా ఒక జింక్ అయాన్‌ను పట్టుకుని వేలిలా ముడుచుకుంటుందనీ 1985లో ఆరన్ క్లుగ్ బృందం ప్రతిపాదించింది. 1991లో పావ్లెటిచ్, పాబో మూడు వేళ్లున్న జిఫ్268 అనే ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎలా కూర్చుంటుందో చూపించినప్పుడు, ఒక్కో వేలు మూడేసి జతలను తడుముతూ పెద్ద గాడి వెంట చుట్టుకుపోవడం కనిపించింది. వేళ్లను మార్చి అతికిస్తే కోరిన వరుసను పట్టే ప్రోటీన్ తయారవుతుందన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది. అయితే పక్క వేలు పక్క వేలి పని మీద ప్రభావం చూపుతుంది కాబట్టి అది కూడా పూర్తిగా ఇటుకల పేర్పులా సాగలేదు.

అక్షరాల అంచులను తాకడమే గుర్తింపు మొత్తం అనుకుంటే 1988లో పాల్ సిగ్లర్ బృందం వెలువరించిన ట్రిప్ రెప్రెసర్ అనే బాక్టీరియా ప్రోటీన్ నిర్మాణం మింగుడుపడదు. అందులో ప్రోటీన్ క్షారాలను నేరుగా తాకడం దాదాపు లేదు, మధ్యలో నీటి అణువులే దుబాసీల్లా కూర్చుని ఉన్నాయి. అయినా ఆ ప్రోటీన్ తన చోటును తప్పుపోకుండా కనుక్కుంటుంది. దీనికి వివరణ వెతుకుతూ వెళ్తే, డీఎన్‌ఏ అన్నిచోట్లా ఒకేలా ఉండే తాడు అనే మన బోర్డు మీది బొమ్మే తప్పని తేలింది. ఎ అక్షరాలు వరుసగా వచ్చే చోట చిన్న గాడి ఇరుకవుతుంది, టి తరువాత ఎ వచ్చే మెట్టు దగ్గర మెలిక తేలిగ్గా వంగుతుంది, కొన్ని వరుసలు బిర్రుగా ఉంటాయి. కొబ్బరి పీచు తాడును కళ్లు మూసుకుని చేత్తో జారవిడిస్తే ఎక్కడ సన్నబడిందో ఎక్కడ వదులైందో తెలిసినట్టు, ప్రోటీన్‌కు ఈ ఆకారం తెలుస్తుంది. చిన్న గాడి ఇరుకైన చోట ఫాస్ఫేట్ల రుణావేశం దట్టంగా పోగుపడుతుంది, ధనావేశమున్న ఆర్జినైన్ అక్కడికి చొచ్చుకుపోతుంది. ఈ పద్ధతి చాలా ప్రోటీన్లలో ఉందని 2009లో రెమో రోస్, బ్యారీ హోనిగ్ తదితరులు చూపించారు. టి-ఎ-టి-ఎ అక్షరాలతో మొదలయ్యే ‘టాటా పెట్టె’ అనే వరుస మీద కూర్చునే ప్రోటీన్ అయితే ఏకంగా చిన్న గాడిని వెడల్పు చేసి, డీఎన్‌ఏను సుమారు 80 డిగ్రీలు వంచేస్తుంది. వంగే స్వభావమున్న వరుస దొరికితేనే ఆ వంపుకు ఖర్చు తక్కువ, కాబట్టి వంచడం కూడా ఒక రకమైన చదవడమే.

ఆర్జినైన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. కాన్సర్లలో తరచుగా దెబ్బతినే పి53 అనే కారకంలో 248వ స్థానంలోని ఆర్జినైన్ చిన్న గాడిలోకి చొచ్చుకుపోతుంది, 273వ స్థానంలోని ఆర్జినైన్ ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. రోగుల కణితుల్లో పి53 మార్పులు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చోట్లలో ఈ రెండూ ఉన్నాయి. ఒక్క చెయ్యి జారితే పట్టు పోయి, కణ విభజన మీది కాపలా పోతుంది.

ఇప్పుడు నా బోర్డు మీది లాక్ రెప్రెసర్ దగ్గరికే తిరిగి వద్దాం, ఎందుకంటే గుర్తింపు గురించి తెలిసినదానిలో మేలైన భాగం ఈ ఒక్క ప్రోటీన్ నుంచే వచ్చింది. జాకబ్, మోనో 1961లో దాని ఉనికిని ఊహిస్తే, 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దాన్ని వేరుచేసి చేతికి తెచ్చుకున్నారు. అది కూర్చునే ఆపరేటర్ వరుస ఇది: ఎ-ఎ-టి-టి-జి-టి-జి-ఎ-జి-సి-జి-జి-ఎ-టి-ఎ-ఎ-సి-ఎ-ఎ-టి-టి. ఇరవై ఒక్క అక్షరాలు. దీన్ని కాసేపు చూస్తే ‘వికటకవి’ లాంటి అమరిక కనిపిస్తుంది, కాకపోతే డీఎన్‌ఏ వికటకవిని అదే పోగు మీద వెనక్కి చదవకూడదు, ఎదురు పోగు మీద దాని దిశలో చదవాలి. కుడి చివరి పది అక్షరాలను అలా చదివితే ఎ-ఎ-టి-టి-జి-టి-టి-ఎ-టి-సి వస్తుంది. ఎడమ వైపు పదితో పోల్చి చూడండి, ఎనిమిది కలుస్తాయి, రెండు కలవవు. రెప్రెసర్ కవలల జంటగా వచ్చి ఒక్కో చేత్తో ఒక్కో సగాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఈ అమరిక అవసరం. మరి ఆ రెండు అక్షరాల లోపం ఎందుకు మిగిలింది? ప్రయోగశాలలో లోపం లేని పూర్తి సౌష్ఠవమున్న ఆపరేటర్‌ను తయారు చేసి చూస్తే రెప్రెసర్ సహజమైనదానికంటే చాలా గట్టిగా దాన్ని పట్టుకుంది. ప్రకృతి అన్నిటికంటే గట్టి పట్టును ఎంచుకోలేదు. పేగులోకి పాలు వచ్చినప్పుడు రెప్రెసర్ చోటు ఖాళీ చేయాలి, అంటే పట్టు వదిలించుకోగలిగేంతగానే ఉండాలి. నా తాళంచెవి ఉపమానం ఇక్కడ పూర్తిగా పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే తాళంచెవి పడుతుందా పడదా అన్నది రెండే జవాబులున్న ప్రశ్న, రెప్రెసర్ విషయంలో ఉన్నదల్లా ఎక్కడ ఎంతసేపు ఆగుతుంది అన్న తరతమ భేదమే.

ఆ తరతమాలను లెక్కలో చూస్తే గానీ పని ఎంత కష్టమో తెలియదు. ఇ. కోలై బాక్టీరియా డీఎన్‌ఏలో సుమారు 46 లక్షల జతలున్నాయి, రెప్రెసర్ అణువులు పది చిల్లర. ఈ ప్రోటీన్ ఏ డీఎన్‌ఏనైనా కొద్దిగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఫాస్ఫేట్ల రుణావేశం అన్ని చోట్లా ఉంది. అంటే ఒక్క సరైన చోటుకు పోటీగా 46 లక్షల తప్పు చోట్లున్నాయి. సరైన చోట పట్టు తప్పు చోటికంటే పది లక్షల రెట్లకు మించి ఉంటేనే రెప్రెసర్ ఇంటికి చేరుతుంది, అంత తేడా నిజంగానే ఉంది. కానీ అది బలం లెక్క, వేగం లెక్క వేరు. 1970లో ఆర్థర్ రిగ్స్ బృందం కొలిచి చూస్తే, నీటిలో తేలుతూ వచ్చి ఢీకొనే అణువుకు సాధ్యమనుకున్న వేగం కంటే దాదాపు వంద రెట్లు వేగంగా రెప్రెసర్ తన చోటును పట్టుకుంటోంది.

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చిన్న దుకాణాన్ని వెతకాలనుకోండి. ఊరంతా హెలికాప్టర్‌లో తిరుగుతూ ఎక్కడపడితే అక్కడ దిగి చూస్తే జన్మలో దొరకదు. ఏదో ఒక చోట రోడ్డు మీదికి చేరి, కొంత దూరం నడుస్తూ బోర్డులు చూసుకుంటూ వెళ్లి, లేకపోతే ఆటో ఎక్కి ఇంకో చోట దిగి మళ్లీ నడిచేవాడికి త్వరగా దొరుకుతుంది. రెప్రెసర్ చేసేదీ ఇదేనని, డీఎన్‌ఏ మీద కొంత దూరం జారుతూ, వదిలి, మరో చోట వాలి మళ్లీ జారుతుందని 1981లో బెర్గ్, వింటర్, వాన్ హిప్పెల్ గణితంగా నిరూపించారు. బతికున్న కణంలో ఒక్కొక్క అణువును వెలిగించి చూడటం 2007లో యోహాన్ ఎల్ఫ్, సన్నీ షీ బృందానికి సాధ్యమైంది. రెప్రెసర్ తన సమయంలో సుమారు 90 శాతం తప్పు చోట్ల మీదే గడుపుతుందనీ, ఒక్కో చోట 5 మిల్లీసెకన్ల కంటే తక్కువే ఆగుతుందనీ తేలింది. అయిదేళ్ల తరువాత వచ్చిన కొలతల ప్రకారం ఒక విడతలో అది జారేది సుమారు 45 జతల దూరం.

అంత వేగంగా జారుతూ ప్రతి అక్షరాన్నీ ఎలా చదువుతుంది? చదవదు. 2004లో కలోదిమోస్, బూలెన్స్, కాప్టైన్ తదితరులు అదే ప్రోటీన్‌ను ఒకసారి తప్పు డీఎన్‌ఏ మీద, ఒకసారి సరైన డీఎన్‌ఏ మీద ఉంచి రెండు నిర్మాణాలనూ పోల్చారు. తప్పు చోట ప్రోటీన్ వదులుగా, పైపైన ఫాస్ఫేట్లను మాత్రమే తాకుతూ ఉంది, డీఎన్‌ఏ నిటారుగా ఉంది. సరైన చోట అవే పక్కగొలుసులు ఫాస్ఫేట్లను వదిలి క్షారాల వైపు తిరిగాయి, అప్పటిదాకా రూపం లేకుండా వేలాడుతున్న ఒక తునక చుట్టచుట్టుకుని హెలిక్స్‌గా మారి చిన్న గాడిలోకి దూరింది, డీఎన్‌ఏ సుమారు 36 డిగ్రీలు వంగింది. జారేటప్పుడు చేతులు ముడుచుకుని, అనుమానం తగిలిన చోట చేతులు చాచి చూడటమన్న మాట. గుర్తుపట్టడంలో రెండు వైపులా రూపం మారుతుంది.

బాక్టీరియాలో కథ ఇక్కడితో దాదాపు ముగుస్తుంది, మనిషిలోనూ మిరపలోనూ ఇక్కడ మొదలవుతుంది. నాలుగు అక్షరాలతో 12 అక్షరాల పదాలు 1,67,77,216 చేయవచ్చు. 46 లక్షల జతలున్న బాక్టీరియాలో ఒక 12 అక్షరాల పదం యాదృచ్ఛికంగా ఇంకెక్కడా రాకపోవచ్చు. మనిషి డీఎన్‌ఏ సుమారు 310 కోట్ల జతలు. అందులో ఒక పదం ఒక్కసారే రావాలంటే దానికి 16 అక్షరాలుండాలి. మన ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లలో ఎక్కువ భాగం గట్టిగా పట్టించుకునేది ఆరు నుంచి పది అక్షరాలనే. ఆరు అక్షరాల పదం 4,096 జతలకొకసారి ఎదురవుతుంది కాబట్టి మనిషి డీఎన్‌ఏలో ఒక్క పోగు మీదే ఏడున్నర లక్షల చోట్ల ఉంటుంది. వీటిలో నిజంగా కారకం కూర్చునేవి కొన్నే, కూర్చున్నా పని జరిగేవి అంతకంటే తక్కువ. ‘కారకం తన వరుసను గుర్తుపడుతుంది’ అని పిల్లలకు చెప్పే వాక్యం ఉన్నత జీవుల విషయంలో సగం అబద్ధమని నేను అనుకుంటున్నాను.

మిగిలిన సగం నిజాన్ని నింపేవి ఇరుగుపొరుగులు. ఈగ శరీరంలో తల ఎక్కడ, రెక్క ఎక్కడ అని నిర్ణయించే హాక్స్ ప్రోటీన్లన్నీ విడిగా ఉన్నప్పుడు టి-ఎ-ఎ-టి చుట్టూ ఉన్న ఇంచుమించు ఒకే వరుసను కోరుకుంటాయి, మరి ఒక్కోటి ఒక్కో అవయవాన్ని ఎలా తయారు చేయిస్తుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. ఎక్స్‌ట్రాడెంటికిల్ అనే తోడు ప్రోటీన్ పక్కన చేరినప్పుడు అంతవరకూ దాగి ఉన్న అభిరుచి భేదాలు బయటపడి, ఒక్కోటి ఒక్కో వరుసను ఎంచుకుంటుందని 2011లో తేలింది. ఇరుకు గాడి, వెడల్పు గాడి భేదమే అక్కడ కూడా చాలావరకు పనిచేసింది.

రెండోది, డీఎన్‌ఏ అసలు చేతికి అందాలి. మన కణంలో అది 147 జతల చొప్పున హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టలో లోపలి వైపు తిరిగిన గాడి చాలా కారకాలకు అందదు. చుట్టి ఉన్నప్పటికీ పైకి కనిపించే అంచును పట్టుకుని దారి తెరిచే కొన్ని కారకాలున్నాయి, ఫాక్స్‌ఎ వాటిలో ఒకటి, ఇది తెరిచాక మిగిలినవి వస్తాయి. 2006లో షిన్యా యమనాకా నాలుగే కారకాలతో ఎలుక చర్మ కణాలను మూలకణాల స్థితికి వెనక్కి తిప్పగలిగారంటే, మూసిన తలుపులు తెరవగలిగినవి వాటిలో ఉండటం ఒక ముఖ్య కారణం. ఇక సి మీద మిథైల్ గుంపు తగిలిస్తే, పెద్ద గాడిలో టి మీద బుడిపె ఎక్కడ తగులుతుందో సరిగ్గా అటువంటి చోటే కొత్త బుడిపె లేస్తుంది. కొన్ని కారకాలను అది తరిమేస్తుంది, కొన్నిటికి అదే ఇష్టం.

ఈ పాఠం మరునాడు క్లాసులో చెప్పినప్పుడు అడిగిన అమ్మాయికి ఉదాహరణగా మిరపకాయనే తీసుకున్నాను. మిరప డీఎన్‌ఏ సుమారు 350 కోట్ల జతలు, అంటే మన దానికంటే పెద్దది. కారానికి కారణమైన క్యాప్సైసిన్ తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అతుక్కుని ఉండే తెల్లటి పొరలో. కూరలో కారం తగ్గించడానికి గింజలు దులిపేసేవాళ్లు ఆ పొర కూడా గీకితేనే ఫలితం ఉంటుంది. ఆ పొరలో క్యాప్సైసిన్ జన్యువులను నడిపించే ముఖ్య కారకం మిబ్31. నోరు మండించే హబనేరో జాతి మిరపల్లో ఇది ఎందుకు అంత జోరుగా పనిచేస్తుందని చూస్తే, తేడా మిబ్31 జన్యువుకు ముందున్న భాగంలోని కొద్ది అక్షరాల్లో దొరికింది. అక్కడి మార్పు వల్ల వర్కీ9 అనే కారకానికి గట్టి పట్టు దొరుకుతోంది, అది ఆ పొరలోనే ఉంటుంది కాబట్టి మిబ్31 కూడా అక్కడే పెద్ద మొత్తంలో తయారవుతోందని 2019లో ప్రచురితమైంది. బీటా పలక అంచును గాడిలోకి దూర్చే కుటుంబమని పైన చెప్పాను చూడండి, ఇది ఆ కుటుంబంలోదే. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, “అయితే మేడం, మన తేజలో ఆ చోట ఏ అక్షరాలున్నాయో?” అంది. వ్యవసాయ పరిశోధన స్థానమున్న లామ్ ఫారం వైపు వెళ్లే బస్సు ఏ టైముకో కనుక్కోమన్నాను.